నాచారంలో నిదాన శాస్త్రం

ఉప్పల్, నాచారం ప్రాంతాల మధ్యతరగతి గృహాలలో ల్యాప్‌టాప్ హఠాత్తుగా మందగించినప్పుడు ముందుగా జరిగేది నేర విచారణ. యంత్ర పరీక్ష ఆ తరువాతి మాట. నిన్నటిదాకా బాగానే నడిచినది ఇవాళ ఎక్సెల్ షీటు తెరవడానికి ఆపసోపాలు పడుతున్నదంటే మధ్యలో ఎవరో ఏదో చేసి ఉంటారన్నది గృహస్థుని దృఢ విశ్వాసం కాబట్టి, ఇంటర్ చదివే కుమారుని ఆటలు మొదటి ముద్దాయిగాను, అల్లుడు పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన పెళ్లి వీడియో రెండవ ముద్దాయిగాను నిలబడతాయి. రెండవదాని విచారణ మాత్రం గొంతు తగ్గించి సాగుతుంది.

కంప్యూటరు ఈ ప్రాంతానికి కొత్త కాదు. 1967లో ఏర్పడి, దేశీయంగా రూపొందిన తొలినాటి కంప్యూటర్లలో ఒకటైన టీడీసీ-12ను తయారు చేసిన ఈసీఐఎల్ ఇక్కడికి దగ్గరలోనే ఉన్నందున, అక్కడ పదవీ విరమణ చేసిన పెద్దమనిషి ఒకరు పక్క ఫ్లాట్‌లో ఉండడం పరిపాటి. కబురంపితే ఆయన వచ్చి, కాఫీ పూర్తయ్యేవరకు అలనాటి కోర్ మెమరీ ఘనత వివరించి, లేస్తూ "ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి" అని సెలవిస్తారు. సలహా మంచిదే గానీ అందులో ఒక మెలిక ఉన్నది. విండోస్ 8 నుండి వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ అనే సదుపాయం అమలులో ఉంటే, షట్‌డౌన్ చేసినప్పుడు వ్యవస్థ తన కీలక భాగపు స్థితిని డిస్కులో దాచుకొని మరునాడు దానినే తిరిగి ఎత్తుకుంటుంది గనుక, నిజంగా కొత్తగా మొదలు కావాలంటే రీస్టార్ట్ చేయవలసిందే.

అంతకంటే విస్తృత ప్రచారంలో ఉన్న చికిత్స రిఫ్రెష్. తెర మీద ఖాళీ చోట మౌస్ కుడి మీట నొక్కి, వచ్చిన జాబితాలో ఆ పేరును ఎంచి, బొమ్మలు ఒక్కసారి మిణుకుమనేదాకా చూసి, మళ్లీ అదే చేయడం ఈ విధానం. దీనివల్ల తెర మీది బొమ్మలు తిరిగి గీయబడతాయే తప్ప మెమరీకి గాని, ప్రాసెసర్‌కు గాని పూచికపుల్లంత మేలు జరగదు. అయినా ఇంజనీరింగ్ పట్టభద్రులు సైతం దీనిని మానినట్లు కనబడదు.

ఇంత జరుగుతున్నా, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే తెరుచుకునే టాస్క్ మేనేజర్‌ను సంప్రదించాలని ఎవరికీ తోచదు. అక్కడ డిస్కు గడి నూరు శాతం చూపుతున్నదంటే సగం నిదానం పూర్తయినట్టే. పని జరుగుతున్నంతసేపు సమాచారాన్ని నిలిపి ఉంచే ర్యామ్ 4 జీబీ మాత్రమే ఉన్న పాత యంత్రంలో, క్రోమ్ ట్యాబులు దానిని నింపివేస్తే, పట్టని సరుకును వ్యవస్థ హార్డ్‌డిస్కు మీదికి తరలిస్తుంది. నిమిషానికి 5,400 సార్లు తిరిగే పళ్లెం మీద ఒక చిన్న చేయి అటూ ఇటూ కదులుతూ వెతికే ఆ సాధనం వద్దకే విండోస్ అప్‌డేటు, యాంటీవైరస్ తనిఖీ కూడా ఒకేసారి చేరినప్పుడు ఏర్పడే స్థితి, రామంతాపూర్, నాగోల్, హబ్సిగూడ, వరంగల్ దారుల వాహనాలన్నీ సాయంత్రం ఆరింటికి ఉప్పల్ చౌరస్తాలో కలిసినప్పటి స్థితే. 2018లో మొదలైన నారపల్లి ఫ్లైఓవర్ పనిని ఏళ్ల తరబడి చూసిన ప్రజలకు ఇంతకన్నా వివరణ అక్కరలేదు.

డిస్కు నిర్దోషి అయితే వేడిని అనుమానించాలి. హద్దు దాటి వేడెక్కిన ప్రాసెసర్ కాలిపోకుండా తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. పరుపు మీద పెట్టి వాడిన ల్యాప్‌టాప్ అడుగు మూత విప్పితే, ఫ్యానుకూ, వేడిని వెలికి పంపే సన్నని రాగి రేకులకూ నడుమ దుమ్ము, దూది, తలవెంట్రుకలు కలిసి బూడిదరంగు దుప్పటి ముక్కలాగా పేరుకొని ఉంటాయి. పట్టకారుతో పట్టి లాగితే ఊడి ఒకే రేకుగా వస్తుంది. నాచారం పారిశ్రామికవాడ రోడ్డు పక్క ఇళ్లలో ఈ పంటకు కొరత లేదు.

ఆఖరికి యంత్రం సంచిలోకి చేరి, ఉప్పల్‌లో మెట్రో ఎక్కి, ప్యారడైజ్‌లో దిగి, సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు, అనగా జనవాక్యంలో సీటీసీకి, చేరుకుంటుంది. అక్కడి కుర్రవాడు మూత విప్పకముందే "ఎస్‌ఎస్‌డీ ఏస్కోండి సార్" అంటాడు. తిరిగే భాగాలేవీ లేకుండా చిప్‌లలోనే సమాచారం దాచే ఆ సాధనం అమర్చాక యంత్రం నిజంగానే పరుగెత్తుతుంది గాని, ఇంటికి వచ్చాక గృహిణి బిల్లు చదివి ప్రశ్న వేస్తుంది: "ఏమండీ, 500 జీబీది తీయించి, 256 జీబీది పెట్టించుకొని, పైన డబ్బులు కూడా ఇచ్చి వచ్చారా?"