మా రోజుల్లో తెలియక దాచారు

అరవయ్యో దశకంలో తెనాలి దగ్గర మా ఊళ్లో ఒక పిల్లవాడుండేవాడు. ఏటవాలు కళ్లు, చదును ముక్కు, నాలుక కాస్త బయటికి ఉండేది. కడుపుతో ఉన్నప్పుడు తల్లి గ్రహణం చూసిందన్నారు, మేనరికమన్నారు. మాటలన్నీ ఆ తల్లే పడింది. చుట్టాలొస్తే వాణ్ణి వెనక వసారాలోకి పంపేసేవారు. ఒక్క రామాలయంలో మాత్రం వాడికి లోటు లేదు. హారతి వేళ గంట వాడే కొట్టాలి, వాడొచ్చేదాకా పూజారి గారు ఆగేవారు. నాలుగడుగులు వేస్తే ఆయాసం, పెదాలు నీలం. ఏ డాక్టరూ వాడి గుండె పరీక్షించలేదు. మీసాలు రాకముందే పోయాడు.

వాడిది డౌన్ సిండ్రోమ్. ఈ పిల్లల్లో 21వ క్రోమోజోములు రెండుకు బదులు మూడు ఉంటాయని 1959లోనే పారిస్‌లో జెరోమ్ లెజూన్, మార్త్ గోతియే వాళ్లు తేల్చారు. ఆ సంగతి మా ఊరిదాకా రాలేదు. ఎక్కువగా తల్లి అండం తయారయ్యేటప్పుడే ఈ తేడా వస్తుంది. వయసు మీద పడ్డాక కనేవాళ్లలో అవకాశం ఎక్కువ, కుర్ర తల్లులకూ పుడతారు. గ్రహణానికి దీంతో ఏ సంబంధమూ లేదు. మేనరికాలతో పెరిగే జబ్బులు వేరు.

ఇప్పుడు అమెరికాలో, బెంటన్‌విల్‌లో మా అబ్బాయి దగ్గరుంటున్నాను. వాల్‌మార్ట్ కొలువుల పుణ్యమా అని ఇక్కడ ఎటు చూసినా మనవాళ్లే. ఇక్కడ గర్భం పదో వారం దాటితే తల్లి రక్త పరీక్షతోనే డౌన్ సిండ్రోమ్ అనుమానం ఉందో లేదో చెబుతున్నారు. ఇలాంటి పిల్లల్లో సుమారు సగం మందికి గుండెలో లోపం ఉంటుంది, అవసరమైతే దాన్ని పసితనంలోనే ఆపరేషన్ చేసి సరిచేస్తున్నారు. అమెరికాలో 1960లో పదేళ్లున్న వీళ్ల సగటు ఆయుష్షు ఇప్పుడు అరవైకి చేరింది. మూడేళ్లు నిండేదాకా థెరపీ ఇప్పించే చట్టం 1986 నుంచీ ఉంది. మా పక్కింటి బాబు థెరపిస్టు ముందు తివాచీ మీద కూర్చుని, రెండు చేతుల వేళ్ల కొసలు కలిపి "ఇంకా" అని అడగడం నేర్చుకున్నాడు. పెరుగన్నం ముద్ద కోసం వాళ్ల అమ్మమ్మనీ అలాగే అడుగుతాడు.

నా బాధల్లా మనవాళ్లతోనే. ఇన్ని సౌకర్యాలున్నా ఉగాది వేడుకకు అక్కను పట్టులంగా కట్టి తెస్తారు, తమ్ముణ్ణి మాత్రం ఇంట్లో వదిలేస్తారు. ఇండియాకి వీడియో కాల్ చేస్తే బాబు కనపడకుండా ఫోను పక్కకు తిప్పుతారు. అడిగితే, "అత్తయ్యగారికి ఇంకా చెప్పలేదు అంకుల్" అంటుంది ఆ బాబు తల్లి. మా వాళ్లు చదువుకోలేదు, తెలియక దాచారు. ఎమ్మెస్సులు చేసి, రిపోర్టు చేతిలో పెట్టుకుని దాచడం ఏం న్యాయం? గంట కొట్టే పనైనా మా ఊరు ఆ పిల్లవాడికిచ్చింది. మనం ఈ పిల్లల మొహమే చూడనివ్వడం లేదు.

అమ్మాయిలూ, అబ్బాయిలూ, వచ్చే పండక్కి ఆ పిల్లల్ని తీసుకురండి. నా ఈడు వాళ్లకీ ఒక మాట: "ఎవరి వైపు నుంచి వచ్చింది?" అని కోడలిని నిలదీయడం ఇకనైనా మానండి. ఆ భయమే వాళ్ల చేత బిడ్డల్ని దాచిపెట్టిస్తోంది.