సంగీతం ఒంటికి అంటకుండా నేర్చుకోవడం ఎలా?

సంగీతం నేర్చుకోవడం చాలామందికి చేతనవుతుంది. ఏళ్ల తరబడి నేర్చుకుంటూ కూడా దాన్ని దగ్గరికి రానివ్వకపోవడమే అసలు విద్య. అది నాకు బాగా పట్టుబడింది కాబట్టి చెబుతున్నాను.

అందరిలాగే మీరూ గాత్రంతో, పురందరదాసు పెట్టిపోయిన మాయామాళవగౌళ సరళీ స్వరాలతో మొదలుపెట్టండి. మొదటి కాలం హాయిగా పాడుకోవచ్చు. రెండో కాలం ఫరవాలేదు. మూడో కాలం జోలికి మాత్రం పోకండి, అక్కడ సాధన కావాల్సొస్తుంది. "శ్రుతెంత?" అని మాస్టారు అడిగితే "ఒకటిన్నరండీ" అని తడుముకోకుండా చెప్పాలి. పాడేటప్పుడు అందులోనే ఉండాలని ఎక్కడా రాసిపెట్టి లేదు. చుట్టాల ముందు అత్తయ్య "ఏదీ, ఓ కీర్తన అందుకోరా" అందనుకోండి, "గొంతు పట్టేసింది అత్తయ్యా" అని దగ్గేయడమే.

గొంతు సాకు పాతబడ్డాక వాద్యానికి మారాలి. వీణను మించింది లేదు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస చెక్కతో చేసిందైతే హాలుకు శోభ కూడాను. దాని 24 మెట్లూ మైనంలో కూర్చి ఉంటాయి. మా వీణను ఎండ పడే కిటికీ పక్కన పెట్టేవాణ్ని. మైనం మెత్తబడి మెట్లు జరిగేవి. ఇక "మేళం కట్టించాలండీ" అన్న ఒక్క మాటతో నెలలు గడిచిపోతాయి. ఆ పని తెలిసినవాళ్లు పక్క వీధిలో దొరకరు. ఈలోపు ఎడమచేతి చూపుడువేలి కొసన తీగ కోసిన నల్లటి గీత ఉంటుంది చూశారూ, అది మీ ఆస్తి. కొబ్బరినూనె రాసుకుంటూ వచ్చినవాళ్లందరికీ చూపించండి. అది కాయ కాచి నొప్పి తగ్గుతోందంటే ప్రమాదం దగ్గరపడినట్టే. వెంటనే వాద్యం మార్చేయండి.

ఫిడేలుకు మెట్లే ఉండవు కనుక తప్పెక్కడో ఎవరూ వేలు పెట్టి చూపలేరు. కమానుకు రోజిన్ రుద్దుకుంటూ ద్వారం వెంకటస్వామి నాయుడుగారి గొప్పతనం మాట్లాడుతుంటే క్లాసు ఇట్టే అయిపోతుంది. ఘంటసాల విజయనగరంలో మధూకరం ఎత్తుకుని సంగీతం చదివిన సంగతి మాత్రం అక్కడ ఎత్తకండి. అది పిల్లలకు చెప్పడానికి దాచుకోవాలి.

హార్మోనియంతో జాగ్రత్త. మీట నొక్కితే చాలు, స్వరం దానంతటదే పలికేస్తుంది. ఇక్కడ చరిత్రే ఆదుకోవాలి. గమకాలు పలకని పెట్టె అని ఆకాశవాణి 1940లో దాన్ని నిషేధించి, మూడు దశాబ్దాలు గడప తొక్కనివ్వలేదు. ఈ ముక్క కంఠతా వచ్చిందంటే, హార్మోనియం రాకపోవడం చేతకానితనం కాదు, అభిరుచి.

కీబోర్డు గురించి చెప్పేదేం లేదు. డెమో బటన్ ఉంది కదా.

ఇక త్యాగరాజ ఆరాధనకు వెళ్లి పంచరత్నాల గోష్ఠిలో తప్పక కూర్చోండి. మైకుకు దూరంగా, గట్టి గొంతులవాళ్ల వెనకాల చేరి తాళం వేయండి. నాట, గౌళ, ఆరభి అయ్యి వరాళికి వచ్చేసరికి పక్కాయన "ఇది ఎవరి దగ్గర చెప్పించుకున్నారండీ?" అంటారు. వరాళిని గురువు నేరుగా శిష్యుడికి చెబితే ఇద్దరికీ చెడుతుందని పాతకాలం నుంచీ ఓ నమ్మకం. మా మాస్టారికీ నాకూ చెడకూడదని, ఆ జాగ్రత్త నేను మిగతా రాగాలన్నిటికీ పాటించాను.