దొరలే దిగిపోయిన కొండ

తెలుగువాడు కొండెక్కాడంటే పైన దేవుడుండాలి. అలిపిరి నుంచి 3,550 మెట్లు మోకాళ్ళు పట్టుకుని ఎక్కినా ఎందుకని ఎవరూ అడగరు. పైన వెంకన్న ఉన్నాడు, లడ్డూ ఉంది. మంగళగిరి కొండ మీద పానకాలస్వామి ఉన్నాడు, అన్నవరంలో సత్యదేవుడున్నాడు. దేవుడు లేని కొండ మనకి కంకర కోసం తప్ప గుర్తుకు రాదు.

యూరప్‌లో పద్ధతి వేరు. అక్కడ కొండ మీద పాడుబడ్డ కోట ఉంటుంది. సెలవు రోజు పొద్దున్నే లేచి, అందుకోసమే కొన్న బూట్లు తొడుక్కుని, అడవిలో పడి ఎక్కి, ఆ గోడలు చూసి, రెండోవైపు నుంచి దిగి, బయలుదేరిన చోటికే వస్తారు. మొక్కు లేదు, ముడుపు లేదు. కార్ల్స్‌రూహేలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా అల్లుడికి ఈ గాలి బాగా సోకింది.

"చిన్న నడకే మావయ్యగారూ. అలా రౌండుగా తిరిగొచ్చేద్దాం" అన్నాడు. రౌండు సంగతి చెప్పాడు గానీ నిలువు సంగతి ఎత్తలేదు.

"పైన గుడేమైనా ఉందా బాబూ?" అని మా ఆవిడ అడిగింది.

"కోటలున్నాయి అత్తయ్యగారూ. మూడు."

"ఎవరుంటారు వాటిల్లో?"

"ఎవరూ ఉండరండీ."

ఎవరూ లేని ఇంటికి చూడ్డానికి వెళ్ళడమేమిటని మా ఆవిడ నా వంక చూసింది. మా అమ్మాయి ఇదివరకే ఓసారి వెళ్ళొచ్చింది కాబట్టి తెలివిగా ఇంట్లోనే ఉండిపోయింది.

రైన్ నది దాటితే ఫ్రాన్సు. అల్సాస్ ప్రాంతం. వోజ్ కొండలు మైదానంలోకి దిగే అంచున, ద్రాక్షతోటల మధ్య రిబోవిలే అనే ఊరు. వీధిలో నిలబడి తలెత్తితే కొండ మీద మూడు కోటలూ కనిపిస్తాయి: సేంట్ ఉల్రిక్, గీర్స్‌బెర్గ్, అన్నిటికన్నా పైన హో రిబోపియెర్. ఆ పైదాని ఎత్తు 642 మీటర్లు. ఊరి నుంచి లెక్కేస్తే ఎక్కాల్సింది దాదాపు 400 మీటర్లు. ఈ లెక్క నాకు దిగాక చెప్పారు.

దారి తప్పుతామన్న భయం మాత్రం లేదు. 1872లో పుట్టిన క్లబ్ వోజియెన్ అనే నడకరాయుళ్ళ సంఘం ఈ కొండలన్నిటా చెట్లకి రంగు గుర్తులు పెట్టింది. ఎర్ర దీర్ఘచతురస్రం, పసుపు శిలువ, నీలం త్రికోణం ఇలా. ఉంగరంలా గుండ్రటి గుర్తుంటే అది బయలుదేరిన చోటికే తెచ్చి దింపే దారి. బోర్డుల మీద ఎంతసేపు పడుతుందో రాస్తారు. ఆ టైము ఎవరి కాళ్ళతో కొలిచారో గానీ, మోకాలిచిప్పలు అరిగినవాడితో మాత్రం కాదు. ద్రాక్షతోటలు దాటి చెస్ట్‌నట్ చెట్ల నీడలోకి వెళ్ళాక, రెండు చేతుల్లో రెండు కర్రలు పట్టుకున్న ముసలమ్మలు మమ్మల్ని దాటుకుంటూ వెళ్ళారు. ప్రతి ఒక్కరూ "బోంజూర్" అన్నారు. బదులివ్వడానికి ఊపిరి మిగిలితే కదా! నేను చెయ్యెత్తి ఊరుకున్నాను. ఆశీర్వదించాననుకుని ఉంటారు.

సేంట్ ఉల్రిక్ నిజంగా చూడదగ్గది, ఆ మాట ఒప్పుకోవాలి. దొరలు కొలువు తీరిన హాలుకి పైకప్పు లేదు. కిటికీలు మాత్రం నిలిచాయి. జంట కమానులు, రెంటికీ నడుమ సన్నటి రాతి స్తంభం. గోడేమో బారెడు మందం. ఆ కిటికీలోంచి చూస్తే కింద ద్రాక్షతోటలు, ఊళ్ళ కప్పులు, ఆ వెనక మైదానం. శిస్తు కట్టాల్సిన వాళ్ళందరూ ఒక్క చూపులో కనపడేటట్టు పెట్టుకున్నారు కిటికీలు.

పక్కనే చిన్న లోయకి అవతల, ఒంటి బండ మీద గీర్స్‌బెర్గ్. ఈ రెండు కోటల్లో ఇద్దరు అన్నదమ్ములు ఉండేవారని ఒక కథ. ఇద్దరికీ వేటంటే ప్రాణం. తెల్లారి ముందు లేచినవాడు రెండోవాడి కిటికీ తలుపు మీదికి బాణం వేసి లేపేవాడట. ఒకరోజు సరిగ్గా బాణం వదిలిన క్షణంలోనే రెండోవాడు కిటికీ తెరిచాడు. అంతే. మా గుంటూరు వైపు ఈ కథ చెబితే పొలం గట్టు ఎక్కడిదని అడుగుతారు గానీ అలారం అంటే ఎవరూ నమ్మరు.

అసలు సంగతి హో రిబోపియెర్ చేరాక, పులిహోర డబ్బా విప్పాక బయటపడింది. "ఇంత కట్టుకుని ఈ దొరలు ఎక్కడికి పోయారు బాబూ?" అన్నాను.

"పదహారో శతాబ్దంలో కింద ఊళ్ళో మంచి భవంతి కట్టుకుని దిగిపోయారండీ."

చూశారా! పల్లకీలు, గుర్రాలు, నౌకర్లు ఉన్న దొరలే ఈ కొండ మనవల్ల కాదని నాలుగు వందల ఏళ్ళ కిందటే తేల్చుకున్నారు. మా అల్లుడికే ఇంకా తేలలేదు. మా కొండవీడు మీద రెడ్డిరాజుల గోడలూ ఇలాగే పడి ఉన్నాయి, కానీ అక్కడికి ఘాట్ రోడ్డయినా వేశారు. పాడుబడ్డ కోటని పాడుగా వదిలెయ్యక బాగుచేసిన వాడూ ఉన్నాడిక్కడ. ఈ ప్రాంతం జర్మనీ చేతిలో ఉన్నప్పుడు కైజర్ రెండో విల్‌హెల్మ్ ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న హో కోనిగ్స్‌బూర్‌ని 1900 నుంచి 1908 దాకా పనిచేయించి పునాదుల నుంచి బురుజుల దాకా నిలబెట్టాడు. గృహప్రవేశమైన పదేళ్ళకి సింహాసనం పోయింది, అల్సాస్ ఫ్రాన్సుకి పోయింది. వాస్తు చూపించుకోలేదేమో.

పులిహోర అయిపోయింది. దిగడం మొదలుపెట్టాం. సగం దిగాక చెట్ల మధ్య గంట గోపురం కనిపించింది. మా ఆవిడ ఆగిపోయింది. దూసెన్‌బాఖ్ అట, మేరీమాత గుడి. ఈ కోటల దొరల్లోనే ఒకాయన క్రూసేడు నుంచి తిరిగొస్తూ విగ్రహం తెచ్చి 1221లో పెట్టాడంటారు. మూడుసార్లు ధ్వంసమైంది, మూడుసార్లూ మళ్ళీ లేచింది. లోపల కొవ్వొత్తులు వెలుగుతున్నాయి, ఇద్దరు పెద్దవాళ్ళు మోకరించి ఉన్నారు. దొరల ఇళ్ళకి కప్పు లేదు, అమ్మవారి ఇల్లు మాత్రం శుభ్రంగా ఉంది.

"గుడి లేదన్నారుగా అల్లుడుగారూ! ముందే చెబితే పులిహోర కాస్త మిగిల్చేదాన్ని" అంది మా ఆవిడ. పొద్దుటినుంచీ ఆవిడ మొహంలో కళ రావడం అదే మొదలు.

ఈ అమ్మవారు పాటగాళ్ళకి ఇలవేల్పు. అల్సాస్‌లో ఊరూరా తిరిగే వాద్యగాళ్ళందరికీ రిబోపియెర్ దొరే రాజు. మనవైపు పాడినవాడికి శాలువా కప్పి పంపిస్తాం. ఈ దొర వాళ్ళ దగ్గరే పన్ను వసూలు చేశాడు. ఏటా ఒకసారి అందరూ ఊళ్ళోకి వచ్చి, ఈ గుడికి ఊరేగింపుగా వెళ్ళి, దొరకి కప్పం కట్టేవారు. దొరలు పోయినా ఆ పండగ పోలేదు. ఇప్పటికీ సెప్టెంబరు మొదటి ఆదివారం ఫిఫర్‌దాయ్ అని పాతకాలపు వేషాలు కట్టి ఊరేగుతారు. ఆ రోజు మునిసిపాలిటీ ఎదుట ఉన్న ఫౌంటెన్‌లో నీళ్ళ బదులు వైన్ వస్తుంది. ఊరికే పోస్తారు.

మా అల్లుడు మమ్మల్ని తీసుకెళ్ళింది మే నెలలో.

కాబట్టి మీ పిల్లలు జర్మనీలోనో ఫ్రాన్సులోనో ఉండి, చిన్న నడకే అంటూ మిమ్మల్ని పిలిస్తే వద్దనకండి. టికెట్ మాత్రం సెప్టెంబరు మొదటి ఆదివారానికి అందేటట్టు తీయించుకోండి. పులిహోర కాస్త ఎక్కువే కలపండి.