మెట్లు దిగిన బొమ్మ

పారిస్‌లోని ఇండిపెండెంట్ల సలోన్ అనే చిత్రకళా ప్రదర్శనకు 1884 నుంచీ ఒకటే కట్టుబాటు: జ్యూరీ ఉండదు, బహుమతులుండవు. అకాడెమీ పెద్దలు కాదన్నవాళ్లకు అదే దిక్కు. 1911లో ఆల్బేర్ గ్లేజ్, జాఁ మెట్సాంజే, వాళ్ల జట్టూ 41వ నంబరు గదిలో బొమ్మలు పెడితే జనం పగలబడి నవ్వారు. మనిషినీ చెట్టునీ ముక్కలు చేసి అతికించడం కూడా చిత్రకళేనా అని పత్రికలు దుమ్మెత్తిపోశాయి.

మరుసటి ఏడాదికల్లా ఆ పద్ధతి క్యూబిజం పేరుతో అందరి నోళ్లలో నానింది. ఆ ఇద్దరూ దానిమీద పుస్తకమే రాయడానికి పూనుకున్నారు. ఏది క్యూబిజమో, ఏది కాదో ఇక వాళ్లే తేల్చాలి. ఆరళ్లు పడిన కోడలికి అత్తరికం రావాలంటే మామూలుగా పాతికేళ్లు పడుతుంది. వీళ్లకు ఏడాది చాలింది.

1912 మార్చిలో 24 ఏళ్ల మార్సెల్ డుషాం ‘మెట్లు దిగుతున్న నగ్నరూపం, నం. 2’ను అదే సలోన్‌కు పంపాడు. గోధుమరంగు పలకలు ఒకదాని మీదుగా ఒకటి కిందికి జారుతుంటాయి. అందులో కనిపించేది మనిషి కాదు, నడక. బొమ్మ పేరు కూడా కాన్వాసు అడుగున పెద్దక్షరాలతో రాసిపెట్టాడు. అక్కడే వచ్చింది పేచీ. నగ్నరూపమన్నాక ఒద్దికగా పడుకోవాలి గానీ మెట్లు దిగడమేమిటి? పైగా ఆ కదలికలో ఇటలీ ఫ్యూచరిస్టులనే మరో జట్టు వాసన!

జ్యూరీయే లేనిచోట తిరస్కరించడం బాగుండదు కదా. అందుకని గ్లేజ్ జట్టువాళ్లు డుషాం అన్నలిద్దరితో రాయబారం నడిపారు, కనీసం ఆ పేరైనా మార్చమని. అన్నలూ కళాకారులే, ఆ జట్టులోవాళ్లే. చావింటికి వెళ్లే నల్లదుస్తుల్లో తమ్ముడి దగ్గరికొచ్చి కబురు చెప్పారు. డుషాం వాదించలేదు. వెళ్లి, బొమ్మను టాక్సీలో వేసుకుని ఇంటికి తెచ్చేసుకున్నాడు.

1913 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో ఆర్మరీ షో మొదలైంది. ఐరోపా కొత్త పోకడలను అంత పెద్దఎత్తున అమెరికా చూడడం అదే మొదలు. గ్లేజ్ బొమ్మలూ ఆ ప్రదర్శనకు వెళ్లాయి. జనం మాత్రం డుషాం మెట్ల బొమ్మ ముందే కిటకిటలాడారు. అందులో నగ్నరూపం ఎక్కడుందో కనిపెట్టినవాళ్లకు పది డాలర్లిస్తామని ఒక పత్రిక పందెం కాసింది. శాన్‌ఫ్రాన్సిస్కో వ్యాపారి ఒకాయన దాన్ని 324 డాలర్లకు కొన్నాడు.

ఇంతకీ ఈ క్యూబిజమంటే ఏమిటని అమెరికా అడిగింది. పత్రికలు ఆ మెట్ల బొమ్మనే చూపించాయి.