రిమార్క్స్ గడి

మాది రాయదుర్గం. మెట్రో రైలు ఆగే రాయదుర్గం కాదు, బళ్లారి జీన్స్ ప్యాంట్లు కుట్టే రాయదుర్గం. ఈ ముక్క ముందే చెప్పుకోకపోతే ఏమవుతుందో మాకు అనుభవం.

మా కుట్టు షెడ్డులో లెక్కలు రాసేది నేను. ఒకనాడు మా సావుకారు పెద్ద పెద్ద కంపెనీలు వాడే సాఫ్ట్‌వేర్ కొన్నాడు. పేరు చెప్పను, దాని పాపాన అది పోతుంది. దాన్ని బిగించాల్సిన కుర్రవాడు హైదరాబాదు నుంచి ఫోన్ చేశాడు.

"సార్, రాయదుర్గం మెట్రో కింద ఉన్నాను. మీ ఆఫీసు ఏ టవర్లో?"

"నాయనా, మా ఊళ్లో ఎత్తుగా ఉండేది కొండ మీద కోట ఒక్కటే. రాత్రి బస్సెక్కు, తెల్లారేసరికి దిగుతావు" అన్నాను.

పాపం, అతని తప్పేం లేదు. 2019 నవంబరు 29న ఆ రాయదుర్గానికి మెట్రో వచ్చినప్పటి నుంచి మా ఊరికి సొంత పేరు మీద హక్కు సగమే మిగిలింది. కాకపోతే అతను బస్సెక్కే లోపలే మా కంపెనీ రాష్ట్రం గడిలో తెలంగాణ అని నింపేశాడు. జీఎస్టీలో తెలంగాణ కోడు 36, ఆంధ్రప్రదేశ్ కోడు 37. నడుం కొలతలో 36కీ 37కీ ఉన్న తేడాని బెల్టు సర్దుతుంది గానీ జీఎస్టీ సర్దదు. అనంతపురంలో కొన్న దారం రీళ్లకి సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ పడాల్సింది పోయి ఐజీఎస్టీ పడింది. సొంత జిల్లా దారం పరాయి రాష్ట్రం సరుకైపోయింది.

అది సరిచేసుకున్నాక అసలు స్క్రీన్ తెరిచాం. ఒక్క లాట్ ఎక్కించడానికి నలభై మూడు గడులు! కాస్ట్ సెంటర్, ప్రాఫిట్ సెంటర్, వేర్‌హౌస్ బిన్, లెటర్ ఆఫ్ క్రెడిట్. అన్నిటికంటే ఘనమైంది 'ఓడరేవు'. దాని పక్కన ఎర్ర చుక్క. అంటే నింపకపోతే ముందుకు పోనివ్వదు. మా ఊరి చెరువులోనే నీళ్లు చూడాలంటే అదృష్టం ఉండాలి, ఓడ ఎక్కడ తేను? చెన్నై అని రాసేశాను. నెలాఖరుకి రిపోర్టు తీస్తే, సుమారు 50 కిలోమీటర్ల దూరంలో ఉన్న బళ్లారికి మా ప్యాంట్లు సముద్రం మీదుగా వెళ్తున్నాయి.

మా పని నిజానికి సీదాసాదా. బళ్లారి నుంచి గుడ్డ వస్తుంది, మేం కుట్టి పంపిస్తాం. మధ్యలో రాష్ట్రం సరిహద్దు ఉంది కాబట్టి, జాబ్‌వర్క్ గుడ్డ విలువ ఎంత తక్కువైనా ఈ-వే బిల్లు ఉండాల్సిందే. ఎన్ని పీసులు వచ్చాయి, ఎన్ని పోయాయి, తగ్గినవి ఎందుకు తగ్గాయి, శనివారం బట్వాడా ఎంత. మా పాత ఎర్రట్ట పుస్తకంలో ఇదంతా ఒక్క పేజీ.

"ఇది మాకు సరిపోదప్పా, కొంచెం మార్చియ్యి" అన్నాడు సావుకారు. "దానికేం సార్, స్క్రీన్‌ని కస్టమైజ్ చేద్దాం. ఎవరికేం కావాలో చెప్పండి" అన్నాడు కుర్రవాడు. తెలుగువాణ్ణి ఎవరైనా అంత మాట అడగవచ్చా?

సావుకారు ముందు అందుకున్నాడు. "నాకెవురెవురు బాకీనో తెరస్తానే కనపడల్ల. నేనెవురికి బాకీనో అది యాడన్నా లోపల పెట్టు." బెంగళూరులో చదువుకునే ఆయన కొడుకు రంగురంగుల గుండ్రటి బొమ్మలు కావాలన్నాడు. కటింగ్ మాస్టరు "లాట్ నంబరు మాత్రం నా కళ్లజోడు లేకుండా కనపడితే చాలు" అన్నాడు. చెకింగ్ అక్క గొడవ వేరే. మా షెడ్డులో ఎర్ర స్టిక్కరు అంటించారంటే ఆ పీసులో తప్పుందని గుర్తు. సాఫ్ట్‌వేరేమో కొత్తగా వచ్చిన లాట్‌ని ఎర్రగా చూపించేది. "ఎర్రగా ఉంటే రిజెక్ట్ అనుకోని రెండు లాట్లు పక్కన పడేస్తిమి కదబ్బీ!" అంది. ఆ రోజు వచ్చిన కోరికలన్నిట్లో సాఫ్ట్‌వేర్ గురించి ఆలోచించి అడిగింది ఆమె ఒక్కతే. ఆమె కోరికే అందరికంటే చివర తీరింది.

రెండు నెలలకి కొత్త స్క్రీన్ వచ్చింది. అరవై ఒక్క గడులు. నడుం వదులైందని ప్యాంటు ఆల్టరేషన్‌కి ఇస్తే, ఇంకో కాలు కుట్టి ఇచ్చినట్టుంది.

మన దేశంలో లెక్కల సాఫ్ట్‌వేర్ కథ ఇలా మొదలవలేదు. శ్యామ్ సుందర్ గోయెంకా అనే బెంగళూరు వ్యాపారి బట్టల మిల్లులకి యంత్ర భాగాలు సరఫరా చేసేవాడు. తన లెక్కలకి కుదిరే ప్రోగ్రాం దొరక్క కొడుకు భరత్‌ని రాయమన్నాడు. 1986లో అలా మొదలైన సంస్థదే ట్యాలీ. ఒక్క తండ్రి ఒంటికి కొలిచి కుట్టిన చొక్కా తర్వాత దేశానికంతా నప్పింది. అటు జర్మనీలో 1972లో పుట్టిన శాప్ కంపెనీ, తన స్క్రీన్లని తేలిక చెయ్యడానికి ఫియోరి అనే కొత్త రూపం తెచ్చింది 2013లో. అంటే గడులు తగ్గించాలని తోచడానికి అంతటివాళ్లకే 41 ఏళ్లు పట్టింది. మా కుర్రవాడికి నాలుగు నెలలు పట్టిందంటే మెచ్చుకోవాలి.

అతనికి ఎలా తోచిందో చెప్తాను. ఓసారి వచ్చి, మేం ఏ గడి ఎంత వాడుతున్నామో తీసి చూశాడు. అరవై గడుల్లోనూ చుక్కలు, సున్నాలు, 'చెన్నై'లు. అట్టడుగున ఉన్న రిమార్క్స్ గడి ఒక్కటే కిక్కిరిసి ఉంది. "జిప్పులు అయిపోయినాయి." "మధ్యాన్నం కరెంటు లేదు." "12 పీసులు తక్కువ, కటింగ్‌లోనే తక్కువ, మమ్మల్ని అడగొద్దు." "వాషింగు నుంచి ఇంకా రాలేదు." "అడ్వాన్సు 500 ఇచ్చినా, అన్నకి చెప్పొద్దు." ఆఖరిది ఎవరు రాశారని సావుకారు ఈనాటికీ ఆరా తీస్తున్నాడు. రాసింది నేనే.

మా ఎర్రట్ట పుస్తకం మార్జిన్లో రాసుకునేవన్నీ అక్కడికి కాపురం మార్చాయన్నమాట. కుర్రవాడు టీ చల్లారేదాకా అవన్నీ చదివాడు. తర్వాత లాట్ నంబరు, వచ్చినవి, పోయినవి, తగ్గితే కారణం, వాషింగు తేది అని ఐదు గడులు పైన పెట్టి, మిగతావి వెనక్కి దాచేశాడు. కొత్త లాట్‌కి పచ్చ రంగు వేశాడు. రిమార్క్స్ గడిని మాత్రం రెండింతలు పొడవు చేశాడు.

సాఫ్ట్‌వేర్ కొనేవాళ్లకి నా మాట ఒకటే. మీ ఒంటికి సరిపడా దాన్ని కుట్టించుకోవాలంటే ముందు మీటింగు పెట్టకండి. మీ వాళ్లు రిమార్క్స్‌లో ఏం రాస్తున్నారో ఒక నెల చదవండి. కొలతల టేపు అదే.

ఓడరేవు గడి మాత్రం పోలేదు. తీసేస్తే ప్రోగ్రాం నడవదంట. ఇప్పటికీ చెన్నై అనే రాస్తున్నాను.