పెద్దకర్మకు నల్లకళ్ళద్దాలు

పెదనాన్న పోయినప్పుడు అన్నయ్య చుట్టాల గ్రూపులో ఒక ముక్క పెట్టాడు: పెద్దకర్మ ఊళ్ళోనే (జూన్ 8), అందరూ రావాలి. ఎనిమిదీ, దాని పక్కన బ్రాకెట్టూ కలిసి కనబడేసరికి యాప్‌కి పూనకం వచ్చింది. తేదీ మింగేసి, ఆ చోట నల్లకళ్ళద్దాలు పెట్టుకుని నవ్వుతున్న పసుప్పచ్చ మొహాన్ని కూర్చోబెట్టింది. ఖమ్మం మావయ్య ఫోను. "ఏరా, జూన్‌లో ఎన్నో తారీఖు? ఆ నవ్వేంటి, ఆస్తి పంపకాలు అప్పుడే అయిపోయాయా?"

దీన్ని ఫీచర్ అంటారు. 8) లాంటి గుర్తులకే కాదు, షార్ట్‌కోడ్లకూ ఇదే తంతు: రెండు కోలన్ల మధ్య ఏది దొరికినా పట్టుకో, జాబితాలో ఉంటే బొమ్మ వేసెయ్. ఒక్క లైను రెజెక్స్ (అక్షరాల వరుసను పట్టే వల), ఆపైన టీ. ఆ వలకు చేపా ఒకటే, తెగిన చెప్పూ ఒకటే. ఆఫీసులో ఓ కంప్యూటరు మ్యాక్ అడ్రసు, అదే నెట్‌వర్క్ కార్డుకుండే కోలన్ల నంబరు, అతికిస్తే, నడుమనున్న :ఏబీ: కాస్తా ఏబీ రక్తం గ్రూపు బిళ్ళైపోయింది. (ఆ బిళ్ళలు జపాన్ ఫోన్ల నుంచి వచ్చినవి. మనం నక్షత్రం అడిగినట్టు అక్కడ గుణం తేల్చడానికి రక్తం గ్రూపు అడుగుతారు.) నెట్‌వర్క్ కార్డుకు రక్తం ఎక్కించిన ఘనత మనవాళ్ళదే.

పోనీ, మార్చాల్సినచోటైనా మారుస్తుందా? :ప్రే: అని కొడితే యాప్ లోపల జోడించిన చేతులు, నోటిఫికేషన్‌లో బోసి కోలన్లు. యూనికోడ్ 2010లో ఆ బొమ్మకు పెట్టిన పేరు 'చేతులు జోడించిన మనిషి'. ప్రార్థన అన్నది షార్ట్‌కోడ్ తగిలించిన ముద్దుపేరు. షార్ట్‌కోడ్లకు యూనికోడ్ ప్రమాణమంటూ లేదు, ఏ యాప్ వాడకం దానిది. :దండం: అని కొట్టి చూడండి, ఉలకదు పలకదు. బొమ్మలకు తెలుగు పేర్లు యూనికోడ్ వాళ్ళే తయారుచేసి ఊరికే ఇస్తున్నారు. మా యాప్‌లో వాటిని తీసుకునే నాథుడు లేడు.

రాసింది రాసినట్టు దాచి, చూపేటప్పుడే, అదీ అటూ ఇటూ ఖాళీ ఉందో లేదో చూసి మార్చాలి. మా యాప్ దాచేటప్పుడే మార్చేసింది కాబట్టి అన్నయ్య ఎనిమిది ఇక ఎక్కడా లేదు. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ కళ్ళద్దాలు. మూడోసారి అక్షరాల్లో రాశాడు: జూన్ ఎనిమిది. కింద 'దు:ఖంతో' అని, విసర్గ ఎక్కడుందో దొరక్క కోలనే కొట్టాడు. దాని జోలికి మాత్రం యాప్ పోలేదు. తెలుగు కదా, జాబితాలో లేదు.