ఇంటినిండా వైద్యులే

మా ఇంట్లో మనిషికి జ్వరమొస్తే పట్టించుకునే నాథుడుండడు. పిల్లికి ఒంటేలు బిగిస్తే మాత్రం ఇంటిల్లిపాదీ ధన్వంతరులే.

మా గండుపిల్లి పేరు జమీందారు. తినడం, పడుకోవడం తప్ప మరో వ్యాపకం లేనివాడు. అలాంటిది మొన్నామధ్య ఇసుక డబ్బాకి రాకపోకలు పెంచాడు. వెళ్తాడు, ఇసుక గోకుతాడు, తోకెత్తి ముక్కుతాడు, మూలుగుతాడు, లేచొస్తాడు. ఇసుక చూస్తే పొడిపొడిగా ఉంది. వచ్చి కూర్చుని ఒకటే నాక్కోవడం.

"మలబద్ధకం! చెంచాడు ఆముదం పట్టించండి, తెల్లారేసరికి సర్దుకుంటుంది" అని తేల్చేశారు మా అత్తగారు. దిష్టి అంది మా ఆవిడ. పక్కింటి పెద్దాయన తన కిడ్నీరాళ్ల చరిత్ర ఎత్తుకుని, బార్లీనీళ్ల దగ్గర ముగించారు. పదో క్లాసు చదివే మా అమ్మాయి మాత్రం ఎవరి మాటా వినకుండా జమీందారుని తువ్వాల్లో చుట్టి, "నాన్నా, ఆటో పిలువు" అంది.

డాక్టరుగారు పొట్ట తడిమి, "మూత్రాశయం రాయిలా ఉంది" అన్నారు. మగపిల్లికి మూత్రనాళం బాగా సన్నం. స్ఫటికాలో జిగురో అడ్డుపడితే దారి మూసుకుపోతుంది. ఒకటి రెండు రోజులు అలాగే వదిలేస్తే రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగిపోవచ్చు. మత్తిచ్చి గొట్టం వేశారు, సెలైన్ ఎక్కించారు. ఆ రాత్రంతా మా బంధువర్గానికి ఫోన్లో ఒకటే బులెటిన్: జమీందారుగారు ఎంత పోశారు, ఏ రంగులో పోశారు!

ఇంటికొచ్చాక రాచమర్యాదలు పెరిగాయి. గదికో నీళ్లగిన్నె, తడి ఆహారం, రెండో ఇసుక డబ్బా. ఇంట్లో కొత్త మనుషులు దిగినా, సామాన్లు జరిపినా ఆ బెంగకే కొన్ని పిల్లులకు మూత్రాశయం వాస్తుందని డాక్టరుగారు చెప్పారు. "నేనేం కొత్త మనిషిని కాదుగా!" అని అత్తగారు రెండ్రోజులు అలిగారు.

పిల్లి డబ్బా వదిలి మంచం మీద పోసినా, ఒంటేల్లో రక్తం కనిపించినా తిట్టకండి, డాక్టరుకి చూపించండి. మనం వేసుకునే పారాసెటమాల్ దానికి విషం, ఇవ్వకండి. ఇక మగపిల్లి పదేపదే ముక్కుతున్నా చుక్క పడలేదంటే, అది తెల్లారేదాకా ఆగే జబ్బు కాదు. అర్ధరాత్రయినా సరే, ఆసుపత్రికి బయల్దేరండి.